తేనెబండ మీది చింతచెట్టు

ఉసిరిపెంట దాటి పైకెక్కితే తేనెబండ అంచున ఒంటి చింతచెట్టు ఉంటాది, చూసినారా? కాయ విరగ్గాసి రాలిపోతా ఉన్నా మన గూడెంలో ఒక్కరూ ఏరుకోరు, పులుల లెక్కకొచ్చే ఫారెస్టోళ్లు గూడా చుట్టు తిరిగి పోతారు. ఎందుకో నన్నడగండి. ఆ చెట్టు కాడుండేది నా మొగుడే.

నవ్వకండి. మా ఆయన పులుల పార్కులో వాచరు, ఆ ఏడు ఒక ఆడపులి రెండు పిల్లల్ని ఏసుకొని చెట్టు పక్క చెలమకు నీళ్లకొస్తాందని ఒకటే మురిసిపోయేవాడు. నా తమ్ముడు బయ్యన్న ఏం చేసినాడు? పులితోలు కొంటానన్న ఎవడో బయటోడి మాట విని ఆ దారిలోనే ఇనుపతీగ ఉచ్చులు పెట్టినాడు, బావకు తెలీకుండా.

ఇంక ఒకనాడు ఇద్దరూ తేనెకు పోయినారు. పట్టు కోసేదానికి బండ అంచు కిందికి దిగేవాని తాడు బామ్మర్దే పట్టాల గదా, తోడబుట్టినదాన్ని ముండమోపిని చేసుకోడు గాబట్టి. చేత్తో పట్టాల, దేనికీ కట్టగూడదు. ఆయన దిగినాక ఉచ్చు కాడ ఏదో గిలగిలా కొట్టుకుందంట, పులి పడిందేమోనని వీడు తాడును చింతచెట్టుకు ముడేసి ఉరికినాడు, చూస్తే దుప్పి, ఈ సందులో ముడి ఊడి ఆయన లోయలో పడి సచ్చిపోయినాడు. ఇదంతా తర్వాత చెప్పినాడులే, ఆ పొద్దు మాత్రం తాడు తెగిందని ఏడ్చినాడు. నేను తాడు కొస చూసినా, ఒక్క పోగు తెగలేదు. అయినా అడిగినోళ్లకు తెగిందనే చెప్పినా, నాకు మిగిలింది వాడొక్కడే.

దినాలైనాక వాడు మళ్లీ ఉచ్చులు సరిచేసుకునేదానికి పోయినాడు, సిగ్గు లేకుండా. మిట్టమధ్యాహ్నం. బండ కింద నుంచి మా ఆయన గొంతు, "బామ్మర్దీ, తాడు పట్టు" అని. చూస్తే తాడు వేలాడతాంది, మనిషంత బరువుంది. వీడు పట్టుకొని లాగినాడు, లాగేకొద్దీ తాడు వస్తానే ఉంది, మనిషి రాడు, వదిలితే పడిపోతాడాయె, ఎట్ల వదుల్తాడు చెప్పండి?

పొద్దు వాలినా రాలేదని నేను వెతుక్కుంటా పోయినా. పెట్టిన ఉచ్చులన్నీ గూటాలతో సహా పెరికి వాని కాళ్లకాడ కుప్పగా ఉండాయి, అరచేతులు తీగకు కోసుకుపోయినాయి. చెలమ బురదలో తల్లిపులి అడుగులు, పక్కనే పిల్లల అడుగులు, నీళ్లు తాగి వాటి దారిన అవి పోయినాయి. వీడు మాత్రం తాడనుకొని ఆ తీగ లాగుతానే ఉండాడు.

"అక్కా, చెయ్యి ఖాళీ లేదు," అన్నాడు నన్ను చూసి. "బావ ఇంకా పైకి రాలే."

ఆ పిడికిళ్లు ఈ పొద్దుటికీ విప్పలేదు. మూడు పూటలా నేనే కలిపి నోట్లో పెడతా, నా మొగుని పానం తీసినోనికి. ఏం చేసేది, తమ్ముడు.

ఆ పులికేం, దాని మనవళ్లు గూడా అక్కడే తిరుగుతాండాయి. మీరు మాత్రం పోవద్దండి. ఆయన పిలిస్తే పట్టుకోకుండా ఉండలేరు, ఇంతమందికి అన్నం కలిపి పెట్టడం నా వల్ల కాదు.