తాళం సంగతి

బూట్ల దుకాణం ముందు ‘కొనకండి’ అని రాసిన అట్ట పట్టుకుని నిలబడింది తల్లి. పక్కనే కూతురు, పాతబూటులోంచి బొటనవేలు బయటికి పొడుచుకొచ్చి ఉంది.

“అమ్మా, అద్దం వెనకున్న ఆ ఎర్రబూట్లు నువ్వు కుట్టినవేగా? కొనొచ్చుగా!”

“ఈ దుకాణం యజమాని కార్ఖానాలో మేం కుడుతున్నంతసేపూ బయట తాళం వేయిస్తున్నాడే. మొన్న లోపల పొగ కమ్మినా తియ్యలేదు. ఆ తాళం వెయ్యడం మానేదాకా ఎవరూ కొనొద్దనే ఈ అట్ట.”

“అయితే అద్దం పగలగొట్టేద్దాం!”

“అద్దమైతే రేపటికల్లా కొత్తది తెప్పిస్తాడు. కొనే జనమే లోపలికి అడుగుపెట్టకపోతే వాళ్ళని ఎక్కణ్ణించి తెప్పిస్తాడు?”

“ఎవరూ కొనకపోతే నీ పని పోదూ?”

“పోతే పోనీ. కుట్టేవాళ్ళమంతా ఒకే మాట మీదున్నాం. కానీ రేపు బడిలో నీ వేలు చూసి నవ్వుతారేమోనే.”

“నవ్వనీ. కొత్తవి ఎందుకు కొనలేదని అడుగుతారుగా, అప్పుడు చెప్తా తాళం సంగతి!”