నగేటోళ్ల వరస

పులివెందులలో లీలమ్మ ఇల్లు, సోమవారం సాయంత్రం. మొగుడు రూబెన్‌తో పొసగక ఎండాకాలం ముందు జమ్మలమడుగు నుంచి వచ్చేసిన జీవిత, మేనత్త లీలమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆ పెళ్లి కుదిర్చింది లీలమ్మే. ఒక్కదినం కలిసి తిరిగి రమ్మని నిన్న ఇద్దరినీ ప్రొద్దుటూరు పంపిందీ ఆమే.

"చెప్పు మల్ల. రాత్రి వస్తానే పండుకుంటివి. పొద్దున లేస్తానే పనికి పోతివి."

"చెప్పేదానికి ఏముందత్తా. పోయినాం, తిన్న్యాం, చూసినాం, వచ్చినాం."

"ఆదివారం ఆరాధన మాన్పిచ్చి, జీవితకు జొరమని పాస్టరమ్మకు అబద్ధం చెప్పి పంపిచ్చినా నేను. పోయినాం వచ్చినాం అంటే సరిపోతాదా?"

"నిన్ను దేవుడు క్షమిస్తాడులే. ఆ హోటలోణ్ణి మాత్రం క్షమించడు."

"ఏమైంది హోటల్లో?"

"బ్రంచ్ అంట."

"అంటే?"

"టిఫనూ కాదు, అన్నమూ కాదు. పొద్దున్నుంచి కడుపు మాడ్చుకోని పదకొండు దాటినంక పోయి రెండూ కలిపి తినేది. దానికొక పేరు. బంగారంగళ్ల ఎనక సందులో కొత్తగా పెట్టినారు. గోడకంతా ప్లాస్టిక్ ఆకులు. బొరుగుల ఉగ్గాని గాజు గ్లాసులో తెచ్చినాడత్తా, పైన ఒక పుదీనా ఆకు పెట్టి. బజ్జీ అడిగితే ఒక బజ్జీని నాలుగు ముక్కలు కోసి పలక మీద పెట్టుకోనొచ్చినాడు."

"పలక మీదనా?"

"పలకే. అ ఆలు దిద్దుకునే పలక. నీ అల్లుడు ఆ సర్వరును పిలిచి, బలపం గూడా తేప్పా, తిన్నంక ఎక్కాలు రాసిస్తా అన్న్యాడు."

"లెక్కల సారు కదా. నగినావా?"

"నగినా. నగకుండా ఎట్లుంటా?"

"అదీ మాట. మొగుడూ పెండ్లాలు కలిసి నగినారంటే సగం కలిసిపోయినట్టే."

"తొందరపడాకు అత్తా."

"తొందర కాదు లేవే. ఇంగా?"

"పక్క టేబులు కాడ కొత్తగా పెండ్లైన జంట. తినేదానికి వచ్చినారో, తిండికి ఫోటోలు తీసేదానికి వచ్చినారో తెలీదు. ఆ పాప దోసెను ఆ పక్కకు తిప్పుతాది, ఈ పక్కకు తిప్పుతాది. దోసె చల్లారి అట్టముక్క అయింది. పెండ్లిచూపులు దోసెకంట, సంబంధం కుదరలేదంట, నీ అల్లుడు అనేది."

"వానికి నోరెక్కువ. మనసు మంచిది. మొదట్నుంచీ చెప్తాండా."

"హెడ్మాస్టరింట్లో నా ఇంగ్లీషును నాటకమాడి చూపిచ్చినప్పుడు గూడా నువ్వు ఇదే చెప్తివి. వాళ్లంతా కడుపు పట్టుకోని నగుతాంటే నేను టీ గ్లాసు చేతిలో పట్టుకోని నిలబడుకోనుంటి."

"అయిపోయిందానికి ఎందుకులే ఇప్పుడు. నిన్న ఏమన్నా అన్న్యాడా నిన్ను?"

"అనలేదు. అది చెప్పల్ల. నా చీరను అనలేదు, నేను తినే తీరును అనలేదు. సర్వరును, పక్కోళ్లను, గోడమీది ఆకులను, అందర్నీ అన్న్యాడు. నన్ను వదిలిపెట్టినాడు. పెండ్లైనప్పట్నుంచి అట్లాంటి పూట ఒకటి లేదు నాకు."

"మారినాడేమో పాపా."

"నేనూ అదే అనుకుంటి."

"హోటలైనంక?"

"కల్యాణమండపంలో జానపద సంబరాలంట. ఊర్లో పెద్దమనుషులు కలిసి పెట్టినారు. మేం పోయేసరికి ఒకాయన మైకు పట్టుకోని, మన కళలు చచ్చిపోతాండాయి అని చెప్తాండాడు. ఆయప్ప మైకు వదిలితే కదా అవి బతికేది. ఆయన దిగినంక బంగారంగడాయన, ఆయన దిగినంక బట్టలంగడాయన. ఎగిరేదానికి వచ్చినోళ్లు గజ్జెలు కట్టుకోని బయట ఎండలో నిలబడుకోనుండారు. మాట్లాడినోళ్లకు శాలువాలు, ఎగిరేటోళ్లకు మజ్జిగ ప్యాకెట్లు."

"యాడైనా అట్లే ఉంటాదిలే."

"శాలువా కప్పిచ్చుకునేటప్పుడు ఒక్కొక్కరూ మెడ ఎట్ల చాపుతారో నీ అల్లుడు కూచున్న కాడే చేసి చూపిచ్చినాడు. సంతలో గొర్రెకు తాడు ఏసేటప్పుడు చాపుతాది చూడు, అట్లా. మా వరసలో కూచున్నోళ్లంతా స్టేజీని చూసేది మానేసి ఈయప్పనే చూస్తాండారు."

"నగిచ్చేదానిలో వాణ్ణి మించినోడు లేడులే."

"చెప్పనీ. దాని తరవాత వీరపునాయునిపల్లె ఆడోళ్లు చెక్కభజనకు ఎక్కినారు. అందరికీ ఒకటే రకం పచ్చ చీరలు, చేతుల్లో చెక్కలు. బాగానే ఎగురుతాండారు. అందులో పెద్దసుబ్బమ్మ అని ఒకామె. ముసలామె, బరువు మనిషి. అందరూ కుడికి తిరిగితే ఆయమ్మ ఎడమకు తిరుగుతాది. అందరి చెక్కలూ ఒక్కసారి మోగుతాయి, ఆగుతాయి. ఆగినంక ఆయమ్మది ఒక్కటే టక్కుమంటాది."

"పాపం."

"పాపమే. ఎనక చక్రం పంచరైన ఆటో అని పేరు పెట్టినాడు నీ అల్లుడు. ఆయమ్మ తిరిగినప్పుడంతా నోటితో ఆటో శబ్దం చేసేది. వరసంతా ఒకటే నగు. నగి నగి నాకు కండ్లలో నీళ్లు కారినాయి. కొంగు నోట్లో కుక్కుకున్న్యా."

"నువ్వు గూడానా?"

"నేనే ఎక్కువ. ఇంగొకటి చెప్తా విను. నేను గూడా ఒక మాటన్న్యా. ఆటో కాదు, పల్లెకు పోయే ఆఖరి బస్సు, అందరూ ఇల్లు చేరినంక వచ్చి నిలబడతాది అంటి. వరసంతా గొల్లుమనింది. అప్పుడు నీ అల్లుడు నా దిక్కు తిరిగి చూసినాడు. మెచ్చుకోని చూసినాడత్తా. నన్నెప్పుడూ అట్ల చూడలేదు."

"ఊ."

"ఎందుకు అట్లైపోతివి?"

"వింటాండాలే. చెప్పు."

"శానా బాగుండె. నిజమే చెప్తాండా. నగేటోళ్ల వరసలో కూచుంటే అంత హాయిగా ఉంటాదని నాకు తెలీదు. ఎప్పుడూ స్టేజీ మీద నిలబడుకోని ఎగిరింది నేనే కదా."

"అట్లనాకు."

"భజన అయినంక నీళ్లు తాగుదామని బయటికి పోతి. కొళాయి కాడ ఆయమ్మ కూచోని గజ్జెలు విప్పుకుంటాంది. కాళ్లు వాచిపోయినాయి. నన్ను చూసి, మూడో వరసలో కూచున్న పాపవు కదా అనింది. తిడతాదనుకుంటి."

"తిట్టిందా?"

"తిట్టలా. పక్కన కూచున్నాయన నీ మొగుడా అనింది. ఔనంటి. శానా నగిస్తాడే అనింది. ఔనంటి. మా ఆయప్ప గూడా అంతే పాపా, ఇంటికి ఎవరొచ్చినా నా మాదిరి నడిచి చూపిచ్చి నగిస్తాండె, ఆయప్ప పోయినంకనే నేను చెక్కలు పట్టుకునింది, ఇంత వయసులో అడుగు యాడ కుదురుతాది అనింది."

"నువ్వేమంటివి?"

"ఏమంటా. ఆయమ్మ గజ్జెలు గుడ్డలో మూట గట్టి ఇచ్చినా. నా తల నిమిరి పోయింది."

"ఈ మాట రూబెనుతో చెప్తివా?"

"చెప్పలా. చెప్తే దాన్ని గూడా ఆడి చూపిస్తాడు."

"అది నిజమే."

"నువ్వు ఒప్పుకున్న్యావే."

"నేనేమన్నా కండ్లు లేందాన్నా? సరేలే, కడాకు ఏమనుకున్న్యారు ఇద్దరూ?"

"ఇంటి ముందర బండి దిగేటప్పుడు అడిగినాడు, వస్తావా జమ్మలమడుక్కి అని. ఎగతాళిగా కాదు, మెల్లగా అడిగినాడు."

"నువ్వు?"

"బుధవారం వస్తానంటి."

"ఆ ముసలామె అంత చెప్పినంక గూడానా?"

"ఆయమ్మను ఆ మొగుడు ఎప్పుడూ పక్కన కూచోబెట్టుకోలేదు. నన్ను కూచోబెట్టుకున్న్యాడు. ఇంగ నన్ను అనడు, ఊరోళ్లను అంటాడు. నేను నగల్ల. అంతే కదత్తా. సిగ్గుగానే ఉండాది. రాత్రి నిద్రపట్టలా, ఆయమ్మ కాళ్లే కనపడతాండాయి. అయినా అందరి ముందర టీ గ్లాసు పట్టుకోని నిలబడేదానికంటే ఇది మేలు."

"పాపా..."

"నీకు సంతోషం లేదా? పో పో అని ఎండాకాలం నుంచి చెప్తాండింది నువ్వే కదా."

"నేనే."

"ఒకటే నాకు నచ్చలేదు. మేమంత నగుతాండేటప్పుడు ఫోను మొగం ముందర పెట్టుకోని వీడియో తీసినాడు. ముసలామెను తియ్యాకు, పాపం అంటే వినలా. అది తీసేయమని బుధవారం పోయినంక చెప్పల్ల."

"చిక్కుడుకాయలు ఇట్లీ. ఈనె తియ్యకుండానే ఏస్తాండావు."

"తీస్తానే ఉండా కదా."

"సంచి సర్దినావా?"

"సగం సర్దినా. చీరలు ఇస్త్రీకి ఇచ్చినా."

"తెచ్చుకో. సంచిలో పెట్టాకు, బీరువాలో పెట్టు."

"ఏమత్తా, ఇప్పుడేమైంది?"

"నువ్వు చుట్టాల వాట్సాప్ గ్రూపులోనుంచి బయటికొచ్చేసినావు కదా, అందుకే నీకు తెలీలా. ఆ వీడియో పొద్దున్నే అందులో పెట్టినాడు."

"అయ్యో. పాపం ఆయమ్మను చుట్టాలందరికీ..."

"అందులో ఆ ముసలామె యాడా లేదు పాపా. కొంగు నోట్లో కుక్కుకోని నగుతాండే నువ్వే ఉండావు. కింద నిన్ను గురించి ఏం రాసినాడో నేను నోటితో చెప్పను. చూసి మేమంతా నగినాం."