ఫెయిల్ చేసిన పేషెంట్

సంగారెడ్డి దగ్గరి ఒక మెడికల్ కాలేజీ, విదేశీ యూనివర్సిటీతో కలిసి, రోగికి చెడ్డ కబురు ఎలా చెప్పాలో డాక్టర్లకు నేర్పుతోంది. పరీక్షలో రోగిగా నటించి, డాక్టర్ పాసో ఫెయిలో రాసిచ్చిన కాజీపల్లి ఫ్యాక్టరీ కార్మికురాలిని కాలేజీ సారు వరండాలోకి పిలిచాడు.

“ఆ డాక్టర్‌ను ఫెయిల్ చేసినవేందమ్మా?”

“నాకు క్యాన్సర్ ఉన్నదని చెప్పుకుంట ఒక్కసారన్న నా మొఖం దిక్కు సూడలే సార్.”

“నీకు నిజంగ రోగమున్నదా ఏంది? ఫారిన్ ప్రొఫెసర్ల ముంగట కాలేజీ ఇజ్జత్ పోతది. పాస్ అని దిద్దు.”

“పేషెంట్‌కు ఎట్ల అనిపిస్తే గట్లనే రాయుమని ఆళ్లే చెప్పిన్రు గద.”

“ఆళ్లు చెప్తరు. మనమే జెర సూసుకోవాలె.”

“మా ఆయన పానం పోయిందని ఒక డాక్టర్ ఫోన్ సూసుకుంట చెప్పిండు సార్. ఎవరి గురించి చెప్తున్నడో సమజ్ గాక మళ్ల అడిగిన.”

“అది వేరే ముచ్చట. దిద్దకుంటే రేపటి నుంచి నిన్ను పిలువం.”

“పిలువకుండ్రి. నేనైతే దిద్ద.”

“మరి ఆ డాక్టర్ పిలగాడు ఏం గావాలె?”

“మళ్ల నా ముంగట కూసోబెట్టుండ్రి. మంచిగ నేర్చుకునేదాంక, ఆ కబురు ఎన్నిసార్లు చెప్పినా వింట.”