మన కోసం భయపడ్డ ధర్మేందర్

ఈ హాలుకు వచ్చిన పెద్దలకు, అక్కలకు, చెల్లెండ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

సూర్యాపేటోళ్లున్నరు, కోదాడ నుంచి వచ్చినోళ్లున్నరు, మిర్యాలగూడ నుంచి వచ్చినోళ్లున్నరు. నేరేడుచర్ల నుంచి ఆటోలు మాట్లాడుకొని వచ్చిండ్రు. నాట్లు ఆపుకొని వచ్చినోళ్లు కూడ ఉన్నరు, కాళ్లకు బురద ఇంకా ఆరలేదు. ముందు వరుసల ధర్మేందర్ వాళ్లమ్మ పద్మమ్మ కూసున్నది. పక్కన ఆయన భార్య లత. మీ ఇద్దరి మొఖాలు చూసుకుంట మాట్లాడుడు నాతోని అయితదో కాదో నాకు తెల్వదు. ఆగిపోతే జర ఓర్చుకోండ్రి.

నా పేరు రమ్య. కోదాడల మందుల షాపు నడుపుత. ధర్మేందర్ ఈ సూర్యాపేటల ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేటోడు. మా ఇద్దరికి చుట్టరికం లేదు, ఒక ఊరు కాదు. అయినా నన్ను అక్కా అనేటోడు. మమ్మల్ని కలిపింది ఒక సాఫ్ట్‌వేర్.

అందరు దుఃఖంతోని వచ్చిండ్రు. నాకు దుఃఖం ఉన్నది. కానీ ఆ దుఃఖం కన్నా ముందు నాకు భయం ఉన్నది. ధర్మేందర్ లేకుంటే ఎట్ల అన్న భయం. ఇది వట్టి మాట కాదు, ఎందుకో చెప్త వినండ్రి.

మీల శానమంది పొలాల కాడ స్టార్టర్‌కు ఒక చిన్న పెట్టె ఉన్నది. అండ్ల ఒక సిమ్ము ఉంటది. ఇంటి కాడ కూసోని ఫోన్ల ఆన్ అని నొక్కితే పొలం కాడ మోటర్ నడుస్తది, ఆఫ్ అంటే ఆగుతది. ఆ పెట్టెను నడిపించే సాఫ్ట్‌వేర్ పేరు చేనుగంట. అది ఏ కంపెనీది కాదు. ఓపెన్ సోర్స్. అంటే దాన్ని ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చొచ్చు, ఊరికే వాడుకోవచ్చు. రాసేటోళ్లకు జీతం లేదు. పని చేస్తుందో లేదో పరీక్ష చేసేటోళ్లకు కూడ లేదు. పరీక్ష చేసేది మాలాంటోళ్లం. మందులమ్మేటోళ్లు, పాఠాలు చెప్పేటోళ్లు, వ్యవసాయం చేసేటోళ్లు.

అందరికీ తెరిచి ఉన్నది గదా, ఎవరో ఒకరు చూసే ఉంటరు అనుకుంటం. మీరట్లనే అనుకుంటరు, నేనట్లనే అనుకుంట. అందరం అనుకుంటం, ఎవరం చూడం. ధర్మేందర్‌కు ఉన్న భయం అదే.

మొదటిసారి మేమందరం ఇదే సూర్యాపేటల కలిసినం. ఒక ఇంటి మీద గది. కొత్త వర్షన్ గురించి హైదరాబాద్ నుంచి వచ్చిన రవి చెప్తున్నడు. రవి అండ్ల ముఖ్యమైన భాగం రాసినోడు, ఇయ్యాల ఈడనే ఎనకాల కూసున్నడు. కరెంటు పోయి వస్తే మోటర్ తనంత తాను నడవదు, ఆ సంగతి ప్రోగ్రాంల రాసినం అన్నడు. ఎనక వరుసల నుంచి సన్నగ ఒక మనిషి లేచిండు. గొంతు కూడ సన్నదే.

"రాసిండ్రు సరే, చూసిండ్రా?" అన్నడు.

అందరు నవ్విండ్రు. నేను కూడ నవ్విన. ఆయన నవ్వలేదు. గోడ కాడికి పోయి, ప్లగ్గు పీకి, మళ్ల పెట్టి, పెట్టె దిక్కు చూసుకుంట నిలబడ్డడు. ఆ దినం ఏం తప్పు దొరకలేదు. కానీ మొఖంల చెమట కారుతుంది. ఒక పెట్టెను చూసి ఒక మనిషి ఇంత భయపడుతడా అనుకున్న.

ఎందుకు భయపడుతడో తర్వాత తెలిసింది. నేరేడుచర్లల వాళ్లది గొర్లు కాసుకుంట వ్యవసాయం చేసుకునే ఇల్లు. ధర్మేందర్ చిన్నగున్నప్పుడు వాళ్ల చిన్నాయిన వీరయ్య కాలువ మోటర్ కాడ నీళ్లల పైపు కొసకుండే ఫుట్‌వాల్వ్‌కు పట్టిన నాచు తీస్తందుకు నీళ్లల దిగిండు. కరెంటు పోయింది గదా అని దిగిండు. కరెంటు వచ్చింది, మోటర్ నడిచింది, వీరయ్య మళ్ల గట్టెక్కలేదు. గట్టు మీద నిలబడి చూసినోడు ధర్మేందర్. పద్మమ్మా, ఆ మాట ఈడ ఎత్తినందుకు ఏమనుకోకు. కానీ నీ కొడుకు ఎట్లాంటోడో చెప్పాలంటే అది చెప్పకుండ ఎట్ల?

అప్పటిసంది ఆయన అంత పిరికోడు. అవును, పిరికోడే. ఆయన గుండె గట్టిదని ఈ సభల అబద్ధం చెప్పను. లిఫ్టు ఎక్కడు. వానొస్తే బండి ఆపుతడు. కొత్త వర్షన్ వచ్చిందంటే అన్నం సయించదు. మనమందరం భయం వేస్తే కండ్లు మూసుకుంటం. ఆయన మాత్రం భయం వేసిన కాడికి పోయి దగ్గర నుంచి చూసేటోడు. అంతే తేడా.

పోయిన ఏడు ఎండలు తగ్గినంక ఇంకొక వర్షన్ వచ్చింది. రవి వాళ్ల కాడ అన్ని పరీక్షలు అయినయి. కోదాడల నేను నా ఫోన్‌తోని చూసిన, మంచిగ ఉన్నది. మా లెక్కనే పరీక్ష చేసే వెంకటేశం మిర్యాలగూడల చూసిండు, మంచిగ ఉన్నది. ధర్మేందర్ ఒప్పుకోలేదు. "మనం సిగ్నల్ మంచిగున్న కాడ చూసినం అక్కా. సిగ్నల్ లేని కాడ ఎవరు చూసిండ్రు?" అన్నడు. నన్ను బండి మీద ఎక్కించుకొని పాలకీడు అవతల తండాల గోప్యా పొలానికి తీసుకపోయిండు. గోప్యా, నువ్వు గుమ్మం కాడ నిలబడ్డవ్, లోపలికి రా తమ్ముడూ.

ఆడ సిగ్నల్ వస్తది, పోతది. ధర్మేందర్ మొట్టమొదలు మోటర్ వైర్లు ఇప్పి, ఆ జాగల ఒక బల్బు పెట్టిండు. మోటర్ నడవాల్సినప్పుడు బల్బు వెలుగుతది, అంతే. గోప్యా నవ్వుకుంట, "సారూ, నీళ్లు బల్బు తోడుతదా?" అన్నడు.

గోప్యా ఫోన్ల ఆన్ అని పంపిండు. వెలగలేదు. మళ్ల పంపిండు. వెలిగింది. జరసేపటికి ఆఫ్ పంపిండు. ఆరింది. మోటర్ బంద్ అయింది అని ఫోన్ల మెసేజ్ కూడ వచ్చింది. సరే, ఎట్లాగూ బంద్ ఉన్నది గదా, నాచు తీస్త అని గోప్యా నడుము లోతు నీళ్లల దిగిండు. మేం గట్టు మీద కూసోని జొన్నరొట్టె తింటున్నం. ఎవరం ఫోన్ ముట్టలేదు.

బల్బు వెలిగింది.

ఎవరు నొక్కలేదు. పట్టపగలు, ఎండల, ఆ బల్బు దానంతట అది వెలిగింది. గోప్యా నీళ్లల నుంచే చూసి మొదలు నవ్విండు. తర్వాత నవ్వు ఆగింది. "సారూ, అది మోటరైతే?" అన్నడు.  

సంగతి ఏందంటే, గోప్యా మొదటిసారి పంపిన ఆన్ మెసేజ్ సిగ్నల్ లేక దారిల ఆగిపోయింది. రెండోసారి పంపింది అందింది, పని అయింది, ఆఫ్ కూడ అయింది. అప్పుడు దారిల ఆగిన ఆ పాత మెసేజ్ తాపీగ వచ్చి చేరింది. అది పాతదని పెట్టెకేం ఎరుక? ఆన్ అన్నరు, ఆన్ అయింది. అందరం చదివినం ఆ ప్రోగ్రాం. తెరిచే ఉన్నది. ఎవరికీ తట్టలేదు.

భయం అంతటితోని ఆగలేదు. ఆ వర్షన్ ఇంకా పరీక్షల ఉన్నదే, రైతులకు ఇయ్యలేదు. కానీ ఓపెన్ సోర్స్ గదా, ముందుగాలనే ఎవరైనా ఎక్కించుకోవచ్చు. పెద్దవూర కాడ వ్యవసాయం చేసే మన జానమ్మ వాళ్ల అల్లుడు ఎక్కించిండని మా వాట్సాప్ గ్రూపుల ఫొటో చూసిన యాది నాకు వచ్చింది. చెప్పిన. ధర్మేందర్ మొఖంల నెత్తురు లేదు.

జానమ్మ ఇంటి నంబరుకు ఫోన్ చేసినం. రింగైతుంది, ఎత్తుతలేదు. అల్లుడిది స్విచ్ ఆఫ్. పోలీసోళ్లకు చెప్దామా అంటే ఏమని చెప్పాలె? బండి తీసినం. నేరేడుచర్ల దాటినం, మిర్యాలగూడల వడ్ల లారీల నడుమ ఇరుక్కున్నం, హాలియా దాటినం. నేను ఎనక కూసోని ఫోన్ చేస్తనే ఉన్న. ఫోన్ కలవకుంటే ఒక రకం. రింగైతుంటే, ఎవరూ ఎత్తకుంటే, అది ఇంకొక రకం.  

జానమ్మ పొలం దొరికింది. మోటర్ నడుస్తుంది. గట్టు మీద ఆడమనిషి చెప్పులు ఉన్నయి. మనిషి లేదు.

ధర్మేందర్ బండి దిగలేకపోయిండు.  "అక్కా, నువ్వు పోయి చూడు" అన్నడు. నేను నడిచిన. ఆ నాలుగడుగులు ఎట్ల నడిచిన్నో నాకు తెల్వదు. నీళ్ల దిక్కు చూసిన. నీళ్లు కదులుతున్నయి, ఏం కనబడతలేదు.

అప్పుడు పత్తి చేన్ల నుంచి గడ్డిమోపు నెత్తి మీద పెట్టుకొని జానమ్మ వచ్చింది. అమ్మా, నువ్వు ఆ దినం తిట్టిన తిట్లు నాకు ఇంకా యాదికున్నయి. "ఎవల్రా మీరు? నా సెప్పులను సూసి ఏడుస్తున్రు?" అన్నవ్. ధర్మేందర్ నీ కాళ్ల కాడ కూసోని చిన్న పిల్లగాడి లెక్క ఏడ్సిండు. పొద్దున మోటర్ దానంతట అది రెండుసార్లు నడిచిందని నువ్వు అప్పుడు చెప్పినవ్. "మా ఇంటాయన ఏసిండనుకున్న" అన్నవ్. మీ ఇంటాయన ఆ దినం హాలియా అంగడికి పోయిండు. ఫోను కూడ ఆయన జేబులనే ఉన్నది, అంగడి లొల్లిల ఇనబడలేదు.

ఆ పెట్టె ఇప్పి పక్కన పెట్టి, మేం వాపస్ వచ్చినం.

ధర్మేందర్ జరిగింది జరిగినట్టు రాసి, అందరికి కనబడేటట్టు నెట్‌ల పెట్టిండు. ఎవరినీ తిట్టలేదు. రవి, నువ్వు "నా కాడ అట్ల అయితలేదు" అని జవాబిచ్చినవ్. మళ్ల పంపిండు. మళ్ల అదే జవాబు. నీది తప్పనను. నీ కాడ నిజంగనే అయితలేదు, నీ కాడ సిగ్నల్ మంచిగుంటది. ధర్మేందర్ కోపం చేయలేదు. "తమ్ముడూ, ఒక్కసారి వచ్చి మా గట్టు మీద కూసో" అని రాసిండు. నువ్వు వచ్చినవ్. బస్సు దిగి, గోప్యా పొలం కాడ ఎండల కూసున్నవ్. బల్బు దానంతట అది వెలిగినప్పుడు నువ్వు తల పట్టుకున్నవ్, ఎంతసేపటికీ లేవలేదు. ధర్మేందర్ నీ పక్కన కూసోని భుజం మీద చెయ్యేసిండు. ఇప్పుడు ప్రతి మెసేజ్ మీద అది పంపిన టైం ఉంటది. పాతది వస్తే పెట్టె దాన్ని పట్టించుకోదు. ఈ జిల్లాల ఎంతమంది నీళ్లల దిగి మళ్ల బయటికి వచ్చిండ్రో మనం లెక్క చెప్పలేం. జరగనిదాన్ని ఎవరు లెక్కపెడుతరు?

ఇగ ఆయన పోయిన సంగతి.

డెంగీ జ్వరం. మామూలు జ్వరమే అనుకున్నం. దవాఖానల చేర్చినంక నేను కోదాడ నుంచి వచ్చిన. రిపోర్టులు నా చేతిల పెట్టింది లత. నేను మందుల షాపుదాన్ని, ఆ కాగితంల ఏమున్నదో నాకు తెలుస్తది. చదివి మడత పెట్టి నవ్వు మొఖం పెట్టుకొని లోపలికి పోయిన.

"అక్కా, నాకు భయమైతుంది" అన్నడు.

"ఏం కాదు తమ్ముడూ" అన్న.

"ఏం కాదంటున్నవ్. చూసినవా?" అన్నడు.

నేను చూసిన. చెప్పలేకపోయిన. నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. పెద్ద పెద్ద మాటలు ఏం చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ ఊసు ఎత్తలేదు, ఎవరికీ ఏ పని అప్పజెప్పలేదు. ఆయనకు బతకాలని ఉండె. చావంటే భయముండె. ఇంతమంది కోసం భయపడ్డ మనిషి ఆ ఒక్క దినం తన కోసం భయపడ్డడు. అది ఆయన హక్కు. ఆ భయం పక్కన కూసున్న, అంతకన్న ఏం చేయలేకపోయిన.

నిన్న లత నాకు ఫోన్ చేసింది. దినాలు కూడ కాలేదు, ఇంట్ల చుట్టాలున్నరు, ఆ నడుమ ఫోన్ చేసింది. "అక్కా, చేనుగంటల కొత్తది వచ్చిందట గదా. ఎవలు సూస్తున్నరు?" అని అడిగింది.

 సిగ్నల్ లేని కాడ ఎవరూ చూస్తలేరు. నేను కోదాడల చూసిన, నా షాపుల సిగ్నల్ మంచిగుంటది. వెంకటేశం చూసిండు. మంచిగ ఉన్నది అని ఇద్దరం రాసుకున్నం. పోయిన ఏడు కూడ ఇద్దరం అట్లనే రాసినం! ఇప్పుడు అర్థమైందా నేనెందుకు భయపడుతున్ననో? తప్పు ఉన్నదని నాకు తెల్వదు. లేదని కూడ తెల్వదు. ఆ రెండిటి నడుమ మీరందరు నీళ్లల దిగుతుండ్రు.

అందుకని చేతులు జోడించి అడుగుతున్న. మేం చెప్పేదాక ఆ కొత్త వర్షన్ ఎవరూ ఎక్కించుకోవద్దు. నీళ్లల దిగేముందు, ఫోన్ల ఏమొచ్చినా సరే, చేతితోని ఫ్యూజు పీకి జేబుల పెట్టుకొని దిగండి. ఇగ రెండో మాట. వచ్చే ఆదివారం గోప్యా పొలం కాడికి పోతున్నం. కంప్యూటర్ పని వచ్చి ఉండాల్సిన అవసరం లేదు. పైసలు రావు, పేరు రాదు. ఎండల కూసోని, ఇది ఎట్ల చెడిపోతది, ఎవరి ప్రాణం మీదికి వస్తది అని ఆలోచించేటోళ్లు కావాలె. ధైర్యం ఉన్నోళ్లు రాకున్నా ఏం కాదు. భయం ఉన్నోళ్లు రండి.

ఇగ నేను చెప్పేది అయిపోయింది.

అందరు లేసి నిలబడండ్రి. ఫోన్లు బంద్ చేయండ్రి. కాసేపు ఎవరం ఏం మాట్లాడొద్దు. గుమ్మం కాడోళ్లు లోపలికి రండి, జాగ చేస్తరు. లతా, నా పక్కకు రా.

పద్మమ్మా, నీకు మోకాళ్లు నొస్తున్నయి, నువ్వు లేవకు. కూసోనే ఉండు. నీ కొడుకు కోసం మేం నిలబడుతం.