వదిలేసిన బోల్టు

అనాథ పిల్లల వసతిగృహానికి కొత్త రేకులు వేసిన బావ నిచ్చెన భుజానికెత్తుకుని బయల్దేరబోతుంటే, అక్కడ లెక్కలు రాసే మరదలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. జీతగాళ్లు కాకుండా బయటినుంచి వచ్చి సంస్థలో పనిచేసి డబ్బు తీసుకున్నవాళ్ల వివరాలన్నీ ఆమె పన్నుల ఆఫీసుకి పంపాలి. అందరివీ చేరాయి, సొంత బావదే మిగిలింది.

“మీ పన్ను నంబరు చెప్పి కదలండి బావా.”

“నాకెందుకే ఆ గోల? తీసుకున్నదాంట్లో సగం మీ పిల్లలకే చందా ఇచ్చాగా!”

“దానికి రసీదు ఇచ్చాగా. ఇచ్చింది ఇచ్చిందే, తీసుకున్నది తీసుకున్నదే. ఒకదాంతో ఇంకోటి చెరిపెయ్యడానికి ఇది పలక కాదు.”

“సొంత బావనే పట్టిస్తావుటే? మీ అక్క నిన్నేం పెట్టి పెంచిందో!”

“సొంత బావ కాబట్టే వదల్ను. మరదలు బావని దాచిందని రేపు తనిఖీలో తేలితే, సంస్థ గుర్తింపుకే ఎసరు. అప్పుడీ పిల్లలెక్కడ పడుకుంటారు?”

“అంతమందిలో నా ఒక్కడి పేరు ఎవడు చూస్తాడే?”

“ఇందాక పనైపోయి దిగిన మీరు మళ్లీ పైకెందుకెక్కారు?”

“మూలన ఓ బోల్టు బిగించడం మర్చిపోయా.”

“ఒక్కటేగా. ఎవరు చూస్తారు?”

“ఎవరూ చూడకపోయినా వాన చూస్తుందే పిచ్చిదానా!” అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆమె నవ్వలేదు. పెన్ను మూత తీసింది.

బావ నిచ్చెనని గోడకి ఆనించాడు.

“రాసుకో. ఒక్క అంకె కూడా వదలకు.”