మగ్గం గుంటలో జపాను చేపలు

గద్వాలలో ఒక నేతగాళ్ల సందు. ఇల్లు చూస్తే రెండే గదులు, అందులో ఒకటి మొత్తం మగ్గమే. అంత ఇరుకింట్లో రంగు చేపలకు చిన్న చెరువు కట్టి తీరతానని వెంకట్రాములు మొండిపట్టు పట్టి కూర్చున్నాడు. పొద్దున్నుంచి ఆయన చేతిలో కొలత టేపు, ఆయన భార్య జములమ్మ చేతిలో ఊతకర్ర. ఇద్దరికీ ఓపిక ఎప్పుడో అయిపోయింది.

"జర ఆ కొస పట్టుకో, జములమ్మా."

"నేను పట్ట. ఈ కట్టె పట్టుకోవాల్నా, నీ టేపు పట్టుకోవాల్నా? కట్టె ఇడిస్తె కింద పడ్త."

"సరె సరె, గోడకానుకొని నిలవడు. నేనే కొలుస్త."

"ఎన్నిసార్లు కొలుస్తవయ్యా? కొలిస్తె జాగ పెరుగుతదా? వాకిట్ల కొలిస్తివి, బండి పెట్టనీకి జాగ లేదంటివి. దొడ్ల కొలిస్తివి, అదీ వద్దంటివి."

"దొడ్ల బట్టలుతికే బండ ఉంది. సబ్బు నీళ్లు పడ్తె చాపలు చస్తయి."

"మిద్దె మీద పెట్టుకో పో."

"గద్వాల ఎండకు మిద్దె మీద చాపలు బతుకుతయా? ఉడుకుతయి. గవి కోయి చాపలు. జపానువి. వాటికి నీడ ఉండాలె, లోతు ఉండాలె, నీళ్లు సల్లగుండాలె."

"జపానోల్లు జపాన్ల పెంచుకుంటరు. నీకేం కర్మ? తిననీకి కూడ రావంటివి కద అవి?"

"ఎవ్వరూ తినరు. చూస్తరు."

"చూడనీకా! మిరుగం కార్తె నాడు ఊరంత చాపల పులుసు వాసన గుమగుమ అంటుంటె, మనం గుంటకు ఇటొకరం అటొకరం కూసోని చాపల మొఖాలు చూస్కుంట ఉండాల్నా?"

"నీకు నవ్వులాటగుంది."

"నేను నవ్వుతున్ననా? నా మొఖం చూడు. నవ్వుతున్ననా?"

"ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటమని ఊకె అన్లేదు పెద్దలు."

"అను, అను. ఇల్లు ఇరకాటమైంది నా వల్లనా? నువ్వు ఇల్లంత తిప్పి తిప్పి యాడికొస్తున్నవో నాకు తెల్వదనుకుంటున్నవా?"

"యాడికొస్తున్న?"

"నీ నోటితోనే చెప్పు."

"ఏం చెప్పాలె?"

"టేపు ఇటుంది. చూపు మగ్గం దిక్కుంది."

"అది... గుంట ఉండనే ఉంది కద జములా. కొత్తగ తవ్వేది లేదు. ఇద్దరు కూసోని నేసే గుంట, పొడుగుంది, లోతుంది, నీడ పట్టున ఉంది. మగ్గం ఇప్పి పక్కకు పెట్టి, సిమెంటు పూసి, పంపు బిగిస్తె..."

"నీ నోట్ల మన్ను వడ! మగ్గం గుంటల నీళ్లు పోస్తవా?"

"మెల్లగ మాట్లాడు. నలుగురు ఇంటరు."

"ఇననీ! సందంత ఇననీ! మగ్గం మీద చీర సగం ఉంది. దాన్నేం చేస్తవు?"

"కోస్త."

"కోస్తవా?"

"సావుకారికి చెప్పిన. పడుగు వాపసిస్తనన్న."

"నాకు చెప్పకుంటనే?"

"నీకు చెప్తె గిట్ల అరుస్తవని."

"అరవకుంట ఏం చెయ్యాలె, హారతి పట్టాల్నా? ఇరిగింది నా కాలు. నీ చేతులకేమైంది? మంచిగనే ఉన్నయి కద నీ చేతులు?"

"నా చేతులుంటె సరిపోతదా? కుప్పడం చీరకు ఇద్దరు కావాలె. నడుమ నేసే నాడె నాది, అంచు నేసే నాడె నీది. ఒక్కన్నే ఎట్ల నెయ్యాలె?"

"అందుకే కద మా తమ్ముడు కురుమూర్తిని పిలువు అంటున్న. రాజోలిల వాని మగ్గం ఆగిపాయె. మిరప చేన్లకు కూలికి పోతుండు. ఫోన్ చేస్తె రేపు పొద్దుగాల బస్సు దిగుతడు."

"కురుమూర్తా? వాని నోరు నాడె కంటె జోరుగ ఆడ్తది."

"వాడు నోరుతోని నేస్తడా? చెయ్యితోని నేస్తడు."

"వాని చెయ్యి నా చెయ్యికి కుదరది."

"కూసోబెట్టి చూసినవా, కుదరది అననీకి? నేను పెండ్లయి వచ్చిననాడు నాకేం కుదిరింది? అంచు వంకర పోతె మీ అవ్వ ఏడేడు తరాలను తిడుతుండె. నువ్వు గుంటల నా కాలు తొక్కి, ఇప్పుడు నాడె ఇసురు, ఇప్పుడు ఆగు అని సైగ చేస్తుంటివి. గట్ల గట్ల కుదరలేదా?"

"అది వేరె."

"ఏం వేరె?"

"వేరె అంటె వేరె. బామ్మర్ది కాలు తొక్కుకుంట నేను నెయ్యాల్నా?"

"ఓయమ్మో, గోడకు చెప్పుడు నయం. సరె, నీ చాపల సంగతే మాట్లాడుదం. కరెంటు పోయి పంపు ఆగితె?"

"బ్యాటరి పెడ్త."

"నల్లా నీళ్లు బ్లీచింగు మందు వాసన కొడ్తయి. చాపలు చావవా?"

"డ్రమ్ముల పట్టి ఒక పొద్దు ఉంచుత. మందు పోతది."

"దోమలొస్తయి ఇంట్లకు."

"దోమ పిల్లల్ని చాపలే తింటయి."

"గోడలు చెమ్మ పడ్తయి."

"సున్నం ఏస్త."

"అబ్బబ్బబ్బ! అన్ని నేర్సుకున్నవు. మా తమ్మునికి ఒక్క ఫోన్ కొట్టుడు మాత్రం రాదు నీకు. అన్నింటికి జవాబుంది కద, దీనికి చెప్పు. ఎందుకయ్యా నీకీ చాపలు?"

"ఫోన్ల చూసిన. ముచ్చటైంది."

"అబద్ధం."

"అబద్ధమెందుకు చెప్త?"

"ముచ్చటైనోని మొఖం గిట్లుండదు. దవాఖానల నా కాలు కోయనీకి కాయితం మీద సంతకం పెట్టుమంటె గిట్లనే పెట్టినవు మొఖం."

"కాలు కోసుడు కాదది. రాడ్డు ఏసుడు."

"ఏదైతేంది! మాట తప్పియ్యకు. నా బాధ నీకు అర్థమయితలేదు. తిండికి కాదు నా పరేషాన్. కలో గంజో తాగుతం. మగ్గం ఇప్పితె నువ్వు ఏమైతవు? నీకు ఇంకో పని రాదు, ఇంకో ముచ్చట తెల్వదు. నేను పడ్డకాన్నుంచి చూస్తున్న, ఎదురుంగ మగ్గం పెట్టుకొని గోడ దిక్కు తిరిగి పంటున్నవు. అన్నం సగమే తింటున్నవు. ఆ మగ్గం మల్ల ఆడితెనే నువ్వు మనిషివైతవు. నేను మొక్కుకోని దేవుడు లేడు."

"మగ్గం ముచ్చట ఇడ్సిపెట్టు, జములా."

"ఎట్ల ఇడ్సిపెట్టాలె? అంత వద్దనుకుంటె మన్ను పోసి చదును చెయ్యి. మంచమేసుకుందం ఆడ. చాపలెందుకు?"

"మా నాయన చెప్పిండు. అన్నం పెట్టిన గుంటల మన్ను పొయ్యరాదు. పాణమున్న మనిషిని పూడ్సినట్టని."

"మరి పైన పలకలు పరువు."

"పలకలు పరిస్తె తీస్తవు."

"ఎవరు తీస్తరు?"

"నువ్వే."

"నేనెందుకు తీస్త?"

"నీకు తెల్వదా?"

"నాకేం తెల్సు? చెప్పు. నేనెందుకు తీస్త?"

"మొన్న సావుకారి తానికి పోతనని పోయిన కద. సంచి మర్సిపోయి మల్లొచ్చిన."

"ఎప్పుడొచ్చినవు? నేను చూడనే లేదు."

"నేను చూసిన. కిటికీలకెల్లి. నువ్వు గుంటల ఉన్నవు. గుంజ పట్టుకొని ఎక్కవోతివి, జారితివి. మల్ల ఎక్కవోతివి, మల్ల జారితివి. కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తుంటివి."

"చూసి... చూసి లోపలికి రాలేదా నువ్వు?"

"వస్తె నీకు సిగ్గయితదనుకున్న. నువ్వు గడ్డకెక్కి కట్టె పట్టుకున్న సప్పుడు ఇనొచ్చిందాక బయట అరుగు మీద కూసున్న. నా పాణం నా తాన లేదు. డాక్టరు ఏమన్నడు? ఇంకోసారి పడ్తె ఆ కాలు ఇగ మనది కాదనలేదా?"

"అన్నడు."

"మరి? నీకు నెయ్యాలని ఉంది. నాకు తెల్వదా? నీ పాణమంత ఆ అంచు నాడె మీదనే ఉంది. ఇగ కురుమూర్తి వచ్చిండనుకో, మగ్గం ఆడ్తది. ఆ సప్పుడు ఇనుకుంట నువ్వు మంచం మీద ఊకుంటవా? వాడు అన్నానికి లేస్తె నువ్వు దిగుతవు. నేను అంగడికి పోతె దిగుతవు. ఎన్ని దినాలు కావలి కాయాలె నేను? మన్ను పొయ్యనీకి నాకు చేతులు రావు. పలకలకు నువ్వు ఆగవు. నీళ్లుంటె దిగవు. ఉత్త నీళ్లు నింపితె పిచ్చోడంటవు. అందుకని చాపలు. అవి జపానువో, జడ్చర్లవో నాకేం తెల్సు!"

"గందుకా ఈ టేపు?"

"గందుకే. ఇగ తిట్టుకో, ఎన్ని తిడ్తవో. మగ్గం పోతె పాయె. నువ్వు నడుస్తుంటె నాకు చాలు."

"నీ తెలివి తగలెయ్య! నేను నెయ్యనీకి దిగిన అనుకున్నవా?"

"గుంటలకు ఇంకెందుకు దిగుతరు?"

"నా పలక ఆడ ఉన్నన్ని దినాలు నువ్వు ఇంకొకరిని కూసోబెట్టుకోవు కద. నేను కూసునే పలక కిందికెల్లి మేకులు కొట్టి ఉండె. అవి ఊడపీకి, నా జాగ మా తమ్మునికి ఖాలీ చేద్దామని దిగిననయ్యా."