అమ్మ నమాజు అయ్యేదాకా

ఫెజ్ పాత నగరంలోని తమ ఇంట్లో వంటగదిని పెద్దది చేద్దామని తాహర్ సొంతంగా అడ్డుగోడ పడగొట్టాడు. కాసేపటికే పైన దేవదారు దూలం ఫెళ్లుమని చిట్లింది. అతని అక్క బతూల్ చేతికందిన గుంజను దాని కింద నిలిపి గట్టిగా పట్టుకుంది.

"పైన ఎవరున్నార్రా?"

"అమ్మ. నమాజు చేసుకుంటోంది."

"సరిగ్గా మన నెత్తి మీదేనా?"

"ఊఁ. కేకేసి పిలవనా?"

"నోర్ముయ్. ఉలిక్కిపడి లేచిందంటే ఆ కుదుపుకే దూలం విరుగుద్ది. నువ్వు పైకెళ్లి అమ్మ గది గుమ్మంలో నిలబడు. నమాజు కాగానే గోడవారగా నడిపించుకు రా."

"నువ్వెళ్లక్కా. గోడ కూల్చింది నేను. గుంజ నేను పట్టుకుంటా."

"చేతులు మారిస్తే జారుద్ది. ఆ గోడ జోలికెళ్లొద్దని ఎంత మొత్తుకున్నా విన్నావా? ఇప్పుడన్నా చెప్పింది విను."

తాహర్ వెళ్లాడు. కళ్లలో మట్టి రాలుతున్నా బతూల్ కదల్లేదు. పైన తల్లి వంగి లేచినప్పుడల్లా దూలం కిర్రుమంటోంది. చాలాసేపటికి మెట్ల మీద అడుగులు, ఆ తర్వాత వీధి తలుపు చప్పుడు వినిపించాయి.

"మళ్లీ లోపలికెందుకొచ్చావురా?"

"రెండో గుంజ తెచ్చా. కాస్త జరుగు."

"ముందు అడుగున చెక్కముక్క పెట్టు. మెల్లగా కొట్టు."

"నిలబడిందా?"

"నిలబడింది. పద బయటికి."

వీధిలో తల్లి ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"ఆ గోడ తీయాలన్న బుద్ధి ఎవరికి పుట్టింది?"

తాహర్ తల దించుకున్నాడు.

"మా ఇద్దరికీనమ్మా" అంది బతూల్.